మూడుసార్లకు మించి

పుట్లూరు దాటి ఎర్రమట్టి బాటలో
మూడు కిలోమీటర్లు నడిస్తే కుళ్ళాయమ్మ చీనీతోట.
నాలుగో సాలులో ఏడో చెట్టు మొదట్లో
టిఫిన్ డబ్బా అంత తెల్లపెట్టె.
మట్టిలో తడి ఎంతుందో
పావుగంటకొకసారి చెప్పడం దాని పని.
చెప్పి పడుకోవాలి, అంతే.

మూడేండ్లు రావాల్సిన బ్యాటరీ
మూడు నెలలకే అయిపోయింది.
"మందు కొట్టినప్పుడు తడిసిందేమో పాపా" అంది కుళ్ళాయమ్మ.
మూత తీసి చూశాను. లోపలంతా పొడి.
చీమ కూడా దూరలేదు.

కొత్త బ్యాటరీ వేసి
గట్టు మీద ల్యాప్‌టాప్ తెరిచాను.
తెర నిండా ఎండ. చున్నీ కప్పుకుని లోపలికి చూశాను.
ఒక మాట పైకి పోయింది: తడి ఇరవై రెండు.
వెంటనే ఒక మాట కిందికి.
పావుగంటకు మళ్లీ పైకి, మళ్లీ కిందికి.
లాగ్ వెనక్కి తిప్పి మూడు నెలలు లెక్కేశాను.
ఎనిమిది వేల ఆరువందల నలభై.

దింపుడు కళ్లం కాడ
పోయినోళ్ల చెవిలో మూడుసార్లే పిలుస్తారు.
పలక్కపోతే లేపి భుజానికెత్తుకుంటారు.
ఈ సర్వరుకు ఆ లెక్క ఎవరూ నేర్పలేదు.

అంతగా ఏమంటోందో విప్పి చూస్తే,
"గొంతు తగ్గించు, నాకు బాగానే వినపడుతోంది"
అంటోంది. మంచి మాటే.
అదే ఊపిరిలో "ఈ ఎనిమిది దారుల్లో రా" అంటోంది.
పెట్టెకు తెలిసిన దారులు మూడు.
ఒకటి కాదంటే అన్నీ కాదన్నట్టే, రూలు అది.
అందుకే ప్రతిసారీ మర్యాదగా కాదంటోంది,
గొంతు తగ్గించుకోలేక
పన్నెండో మెట్టు మీద నిలబడి అరుస్తూ.

ట్యాంకు మీది గేట్‌వేది ఇంకో కథ.
నోరు తెరిస్తే దానికి చెవి మూసుకుపోతుంది.
అది ఇటు తిరిగి చెప్పిందే చెబుతున్నప్పుడు
మిట్ట మీద దస్తగిరి చెనిక్కాయ చేను
"ఎండిపోతున్నా" అన్న మాట గాలిలోనే పోయింది.
తప్పు ఆ పెట్టెదనుకుని
రెండుసార్లు మార్చాం మేము.
దస్తగిరికి ఏం చెప్పాలో ఇంకా ఆలోచించలేదు.

కుళ్ళాయమ్మకు ఇదంతా విప్పి చెబితే
ఆశ్చర్యపోలేదు.
"రాని కాలువకు నీటి తీరువా కట్టమని
ఏటా కాగితం పంపిస్తాండారు.
కాలువ లేదు సారూ అని రాయించి ఇస్తా.
చేరుతాందో లేదో గాని
మళ్లా కాగితమైతే వస్తాంది."
మోటారు షెడ్డులో మేకుకు గుచ్చిన ఏడు కాగితాలు
తెచ్చి చూపించింది.
ఏడింటిలోనూ అదే సంఖ్య, అదే ముద్ర.
కిందికొచ్చేకొద్దీ ముద్ర మాత్రం కొంచెం పలచబడింది.

అనంతపురం ఆఫీసుకు ఫోన్ చేశాను.
"మద్దిలేటీ, పాత ప్రాజెక్టు పట్టీ ఎవరో అట్లే ఎక్కించారు.
ఆ ఐదు దారులు తీసెయ్."
ఏమీ అడక్కుండా తీసేశాడు.
ఎక్కించింది ఎవరని అడిగితే లైను తెగిపోయింది.
నిజంగానే సిగ్నలు పోయింది లెండి.

పావుగంట ఆగాలి.
ఆమె చీనీకాయ ఒలిచి ఉప్పూ కారం చల్లి ఇచ్చింది.
నాలిక మండుతుండగా తెర కదిలింది:
తడి ఇరవై ఒకటి.
కిందికి ఒక మాట.
ఇంకో పావుగంటకు పెట్టె నుంచి "సరే".
ఆ "సరే"కి ఎంత చిన్న గొంతో!
ఆ తర్వాత పైకి ఒకటి పోయింది.
కిందికి ఏదీ రాలేదు.
ఒక క్షణం తర్వాత పెట్టె చెవి తెరిచింది,
రెండో క్షణంలో ఇంకోసారి.
ఎవరూ పిలవలేదు.
మూసుకుని పడుకుంది.

వైర్లు చుట్టుకుంటుంటే కుళ్ళాయమ్మ
కాగితాలు మళ్లీ మేకుకు గుచ్చి వచ్చింది.
"పాపా, ఆ ఫోన్లో పిల్లోడు,
చెప్తానే తీసేసినోడు,
వాని నంబరు రాసిచ్చి పో."